మునిగిండ్రట

నిజామాబాదుల మా రెండంతస్తుల ఇల్లు అమ్మి ఒక్క అర్ర కిరాయికి తీసుకున్నప్పటి సంది చుట్టాలల్ల మా మీద ఒకటే ముచ్చట: "మునిగిండ్రట." దివాళా తీసినోళ్లను మా దిక్కు గట్లనే అంటరు. ముందు ఇల్లు పాయె, తర్వాత కారు పాయె, ఆఖరికి పంపుసెట్ల షాపు గూడ వేరేటోళ్లకు అప్పజెప్పిన. చూసేటోళ్లకు ఇంతకంటె రుజువేం కావాలె?

నిజమేందంటే మేం మునుగలే. నేను, నా భార్య ఒక పాత తెరచాప పడవ కొనుక్కొని మూడేండ్లు సముద్రం మీద తిరగాలని పైసలు కూడబెట్టినం. నవ్వుతరా, నవ్వుర్రి. అప్పటిదాంక నేను చూసిన పెద్ద నీళ్లంటే వానకాలంల గోదారి. ఒకసారి గోవకు పోయినప్పుడు, పడవ మీదనే కాపురముండే ముసలి ఆలుమగలు మమ్ముల ఒక పూట తిప్పిండ్రు. ఇంజన్ బంద్ జేసి చాప ఎత్తంగనే సప్పుడంత ఆగిపోయింది. నా భార్య నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. మాకు పిల్లలు లేరు. ఆమె దుఃఖం మస్తుసార్లు చూసిన, సంతోషంతోని ఏడ్వంగ చూసుడు అదే మొదలు. తర్వాత రెండేండ్లు ఐతారం ఐతారం హైదరాబాద్ పోయి హుస్సేన్ సాగర్‌ల పడవ నడుపుడు నేర్చుకున్నం.

ఈ సంగతి ఎవ్వలకూ చెప్పలే. ఎట్ల చెప్తం? మోటర్లు అమ్ముకునేటోడు యాభై దాటినంక సముద్రంల తిరుగుతనంటే బోధన్ బస్టాండు దాంక నవ్వుతరు. ఒక పెండ్లిల భోజనాల కాడ ఒకాయన అడిగిండు, "ఏందే, ఇల్లు అమ్మినవట, లాసా?" అని. "ఏం జేస్తమే" అని ఒక నిట్టూర్పు ఇడిసిన. గంతే. అబద్ధం గూడ ఆడలే నేను. చెయ్యి కడుక్కొని వచ్చేసరికి ఆ నిట్టూర్పు ఫంక్షన్ హాలంత పాకింది.

మొదట్ల నాకు నిమ్మలంగనే అనిపించింది. చిట్టీ వెయ్యమని ఎవ్వలూ వస్తలేరు, చందాలు అడుగుతలేరు, ఫంక్షన్లకు పోయి ఏం పెట్టకున్నా ఎవ్వలూ మూతి తిప్పుతలేరు. మునిగినోని దగ్గర ఎవ్వలేం ఆశ పెట్టుకుంటరు? మంచిగనే అయిందని ఆలుమగలం నవ్వుకున్నం గూడ. థూ, ఏం నవ్వో అది.

అక్క సంగతే ఆలోచన చెయ్యలే. మా అక్క ఎడపల్లిల ఉంటది. అమ్మ పోయిననాడు నాకు ఆరేండ్లు, అక్కకు పదహారు. పెండ్లయి పోయేటప్పుడు నన్ను గూడ ఎంబడి తీస్కపోయి సాదింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు వాళ్లు చెరుకు పెట్టిండ్రు, అది బందయినంక వరి. మేం మునిగినమన్న మాట ఇన్నంక ఆ వరిలకెళ్లి మాకు వాటా మొదలైంది. నెలనెలా కండక్టర్‌తోని లొల్లి పెట్టుకొని బస్సుల బియ్యం మూట ఏసుకొచ్చేది. మూట మీద పసుపు, పప్పు, ఒక్కోసారి గుడ్లు. మా అర్రను నాలుగు దిక్కుల చూసి కండ్లు తుడుసుకునేది. "తిండికి తక్కువ చేసుకోకుర్రి. నేనున్న గద," అనేది.

మేం తలొంచుకొని తీసుకునేది. ఆ బియ్యం తిన్నం. తిండి ఖర్చుల మిగిలిన పైసలతోని, గోవల మేం కొనుక్కున్న పాత పడవకు కొత్త చాప కుట్టించినం. ఈ మాట రాయనీకె నాకు చెయ్యి వస్తలేదు, కని జరిగింది గదే.

"వదినెకన్న చెప్దామయ్యా, పాపం తగుల్తది," అని నా భార్య రెండు మూడుసార్లు అన్నది. పడవ కాయిదాలు చేతికి రానీ అన్న. కాయిదాలొచ్చినై. చాప కుట్టనీ అన్న. అక్క తిడుతదని కాదు నా భయం. తిట్టకపోతే ఏం జెయ్యాలె అని.

మొన్న చలికాలంల ఒకనాడు అక్క కోడలు ఫోన్ చేసింది.

"మామా, అత్తమ్మ కాలికి పుండయింది. షుగర్ ఉన్నది గద, చెప్పుల్లేకుంట అడుగు పెట్టద్దన్నడు డాక్టరు. ఎంత చెప్పినా ఇంటలేదు."

"ఎందుకింటలేదు?"

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మీ ఇల్లు మళ్ల నిలబడేదాంక చెప్పులు తొడగనని ఎల్లమ్మకు మొక్కింది మామా. యాడాదాయె. మీకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నది. గిట్లనే ఉంటే కాలి ఏలు తీసెయ్యాలంటుండ్రు," అన్నది.

నెలనెలా మా గడప తొక్కి లోపలికొచ్చిన కాళ్లు అవి. నేను ఎన్నడు చూడలే. మూటనే చూసిన.

తెల్లారి మెత్తటి చెప్పుల జత కొనుక్కొని ఎడపల్లి పోయిన. అక్క వాకిట్ల మంచం మీద కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. కుడికాలికి పట్టీ. ఆమె ముంగట కింద కూసున్న.

"అక్కా, నేను మునుగలే. నీకు అబద్ధం చెప్పిన."

మొత్తం చెప్పిన. ఇల్లు, షాపు, గోవ, చాప. అక్క కాయ చేతుల పట్టుకొని ఇన్నది.

"పడవనా? చేపలు పడ్తవార?"

"కాదక్కా, ఉత్తగనే తిరుగనీకె."

"ఉత్తగనే?"

వీపు మీద ఒక్కటి సరిచింది. "దొంగ సచ్చినోడా, నా పానం తీస్తివి గదరా!" అని, అంతలనే కండ్లల్ల నీళ్లతోని నవ్వుకుంట లోపలికి కేకేసింది. "ఓ పిల్లా, చాయ్ పెట్టు! మీ మామ మునుగలేదట!" ఎంత సంబురపడ్డదో. నేను తెచ్చిన ఆ చెప్పులతోనే కొట్టినా నాకంత బాధ అయ్యేది కాదు. ఆ కాళ్లకు నేనే తొడిగిన. లేసి కోళ్లగూడు దాంక నడిచి "మెత్తగున్నయిరా" అన్నది.

మళ్లొచ్చి కూసున్నంక అడిగింది. "ఎన్ని రోజులు తిరుగుతరు?"

"మూడేండ్లు."

"ఒడ్డు పొంటే, దగ్గర్లనే గద?"

అవునంటే ఆడికి అయిపోయేది. కని ఇంకో అబద్ధం ఆడనీకె నాకు మనసొప్పలే. "కాదక్కా. ఒక్కోసారి ఇరవై రోజులు ఒడ్డు కానరాదు," అన్న.

అక్క ముందు మంచి కాలు, తర్వాత పట్టీ కాలు, మెల్లగ చెప్పులల్లకెళ్లి బయటికి తీసింది. చెప్పులను చేత్తోని మంచం కిందికి నూకింది.

"అక్కా, వద్దే. నీ కాళ్లు మొక్కుత," అని వంగిన.

"ఉత్త మాటకే యాడాది మొక్కిన," అన్నది అక్క. "గిప్పుడు నిజంగ నీళ్లల్లకు పోతున్నవు గదరా తమ్మీ."

పడవ గోవల తయారుగున్నది. అక్క పుండు ఇంక మానలే.