ఇప్పచెట్టు కింద మంట

ఇప్పచెట్టు కింద మంట పెట్టింది నేనే. ఈ మాట నలభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

మండలంలో అందరికంటే పెద్ద వయసామె అని మొన్న పేపర్లో మా పక్కింటి గంగమ్మవ్వ ఫొటో వేశారు. ఆమె పక్కన చాపమీద ఇప్పపువ్వు ఎండుతోంది. చూడగానే నాకు తగిలింది దాని తీపి వాసన కాదు, పొగ వాసన.

మా ఊళ్లో ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. పువ్వు రాలేముందు చెట్టు చుట్టూ ఆకులు ఊడ్చి, దూరంగా కాలుస్తారు. ఎనిమిదేళ్లప్పుడు నేను ఊడ్చకుండా చెట్టు మొదట్లోనే ఆకులు అంటించాను. మా చెట్టు మాడిపోయింది.

"మన పువ్వు మీద ఏడ్చి ఏడ్చి అదే కాల్చింది" అని మా నాయనమ్మ వెళ్లి గంగమ్మవ్వ వాకిట్లో దుమ్మెత్తిపోసింది. అంత గట్టిగా తిడుతుంటే, నా మంట కాక గంగమ్మవ్వ కూడా ఇంకోటి పెట్టిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఆడవాళ్లెవరూ ఆమెను అడవికి తోడు పిలవలేదు. ఒంటరిగానే పోయేది.

ఆదివారం గంగమ్మవ్వ దగ్గరికి వెళ్లి, చెవిలో మెల్లగా చెప్పాను. కూర్చోమనలేదు.

"మీ నాయనమ్మ సచ్చేదాక నన్ను దొంగ లెక్క చూసింది. నువ్వేంది, నా చెవుల చెప్తున్నవ్? ఆమె తిట్టినంత గట్టిగ చెప్పు" అంది.

ఆ వాకిట్లోనే నిలబడి, వాడంతా వినేలా అన్నాను: "మంట పెట్టింది నేనే అవ్వా. తప్పయింది."