మా బల్లికి ఎముకలు తెచ్చిన సలోమి ఆంటీ

నిన్న పొద్దున షాపు షటర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద సలోమి ఆంటీ పేరు.

"చెప్పండి ఆంటీ" అన్నాను.

మాట్లాడింది ఆంటీ కాదు. వాళ్ళ చెల్లెలు రూతమ్మగారు.

"అక్క లేదు బాబూ. ప్రార్థనకి లేవలేదేంటా అని వెళ్ళి చూశాను. నిద్రలోనే పోయింది."

షటర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను. మొన్న ఆదివారమే కదా మా ఇంటికొచ్చి, అమ్మ చేసిన సర్వపిండి తిని, "ఉప్పు తగ్గించు లక్ష్మీ, బీపీ మనిషివి" అని చెప్పి వెళ్ళారు.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆవిడ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆంటీది గుంటూరు వైపు. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరై, తిరుమలగిరిలో చెల్లెలితో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో నాలుగు బడ్జీ పిట్టలు.

మా పరిచయం పశువుల డాక్టర్ క్లినిక్‌లో, బెంచీ మీద.

నా దగ్గర రాజా అని ఒక ఇగువానా ఉంది, ఉడుము లాంటి పెద్ద బల్లి. పచ్చగా, తోకతో కలిపి రెండు మూరల పొడుగుంటాడు. ఒక ఫ్రెండ్ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ అనుమతి కాగితాలతో సహా అప్పజెప్పాడు. మా అమ్మ మొదటి రోజు నుంచీ "బల్లి" అనే అంటుంది. తిట్టుకుంటూనే మునగాకు కోసి పెడుతుంది.

రాజాకి ముందు కాళ్ళు వణకడం మొదలైంది. తర్వాత దవడ వాచింది. ఆఖరికి లేచి నిలబడటమే మానేశాడు.

డాక్టర్ ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్మ్ పట్టుకుని కూర్చుంటే, పక్కన పిట్టల బుట్టతో ఉన్న పెద్దావిడ "ఒకసారి ఇస్తావా నాయనా" అని తీసుకుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకున్నారు.

చాలాసేపు చూశారు.

"ఇందులో ఎముకలేవి నాయనా?"

నిజమే. ఒంటి ఆకారం కనిపిస్తోంది. ఎముకలు ఉండాల్సిన చోట మాత్రం పొగ లాంటి గీతలు.

"దీనికి ఎండ తగలట్లేదా?"

"తగుల్తది ఆంటీ. రోజూ కిటికీ కాడనే పెడ్తున్న."

"కిటికీకి అద్దం ఉందా?"

"ఉన్నది."

"అయితే ఎండ లేనట్టే."

ఎండలో కంటికి కనపడని కిరణం ఒకటి ఉంటుందట. యూవీబీ అంటారు. అది ఒంటి మీద పడితేనే ఇలాంటి జీవాలకు తిన్న కాల్షియం ఒంటబడుతుంది. కిటికీ అద్దం వెలుతురుని రానిస్తుంది, దాన్ని మాత్రం ఆపేస్తుంది. లోపల డాక్టర్ కూడా అదే చెప్పి, కాల్షియం మందు రాసి, యూవీ లైటు పెట్టమన్నారు.

నేను పెద్ద తెలివిగా ఒక యూవీ ట్యూబ్ కొనుక్కొచ్చాను. నీళ్ళ ఫిల్టర్లలో వాడేది. యూవీ అంటే అన్నీ ఒకటే అనుకున్నాను.

మర్నాడు ఆంటీ రెండు బస్సులు మారి, క్లినిక్‌లో నన్నడిగి తీసుకున్న అడ్రస్ వెతుక్కుంటూ బన్సీలాల్‌పేట్ వచ్చారు. బెంచీ మీద ఒక్కసారి కలిసినందుకు. అప్పటికి నేను ట్యూబ్ బిగించి స్విచ్ మీద వేలు పెట్టి ఉన్నాను.

"చెయ్యి తియ్యి."

ఆవిడ గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఏమైంది ఆంటీ, యూవీనే గద?"

"ఇది క్రిముల్ని చంపే లైటు. దాని కళ్ళూ పోతాయి, నీ కళ్ళూ పోతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆపరేషన్ థియేటర్లో ఇలాంటిదే ఆర్పకుండా వదిలేశారు. తెలియక దాని కిందే సామాను సర్దాను. రెండు రోజులు కళ్ళల్లో ఇసుక పోసి రుద్దినట్టుంది."

ట్యూబ్ విప్పి పక్కన పెట్టేశాను.

ఆంటీ సంచిలోంచి సరైన లైటు తీశారు. తన పిట్టలది. యూవీ కొలిచే చిన్న మీటర్ పెట్టి, టేపుతో కొలిచి, ఎంత ఎత్తులో ఉండాలో చూసి వేలాడదీశారు. బోనులో ఒక మూల నీడగా వదిలారు. "చాలనిపిస్తే పక్కకి పోవాలి కదా" అన్నారు.

"మరి మీ పిట్టలకి?"

"పొద్దున్నే డాబా మీదికి తీసుకెళ్తాలే. నువ్వు పెద్దది తెప్పించుకునేదాకా ఇది ఉండనీ."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికే. లైటు బాగానే వెలుగుతున్నా మీటర్ పెట్టి చూసేవారు. "వెలుతురు అలాగే ఉంటుంది నాయనా, లోపల పస అయిపోతుంది. కంటితో చూసి నమ్మకు" అనేవారు.

ఒకసారి అమ్మ అడిగేసింది. "గీ బల్లి కోసం గింత తక్లీఫ్ ఎందుకక్కా?"

ఆంటీ చెప్పారు. "సర్వీసంతా విరిగిన ఎముకలే చూశాను లక్ష్మీ. ఫిల్మ్ తీసి పంపేయడమే నా పని. తర్వాత ఎవరికి ఏమైందో తెలిసేది కాదు. ఒక్కటన్నా చివరిదాకా చూడాలని ఉంది."

ఆరు నెలల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయించాం. ఆంటీ పాత ఫిల్మ్, కొత్త ఫిల్మ్ పక్కపక్కన పట్టుకున్నారు.

కొత్తదాంట్లో వెన్ను, పక్కటెముకలు, కాలి వేళ్ళలో సన్నటి కణుపులు కూడా తెల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఏమీ లేని చోట ఒక అస్థిపంజరం లేచి వచ్చింది.

ఆంటీ ఒక్కొక్క ఎముక మీద వేలు పెట్టుకుంటూ పోయారు. తర్వాత కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

దవడ కొంచెం వంకరగానే ఉండిపోయింది. కానీ రాజా ఇప్పుడు కర్టెన్ పట్టుకుని పైదాకా ఎక్కుతాడు.

నిన్న తిరుమలగిరి వెళ్తే ఇంట్లో నిలబడటానికి చోటు లేదు. ఒక మిలిటరీ ఆయన భార్య, వాళ్ళ తాబేలు గురించి చెబుతూ ఏడుస్తున్నారు. మంగళవారాలు ఆంటీ ఆవిడ ఇంటికి వెళ్ళేవారట. ఆఫ్రికా చిలుకను పెంచే ఒక ముసలాయన "మాకు శుక్రవారం" అన్నాడు. ఇంకొకరికి బుధవారం.

ఇన్నాళ్ళూ ఆవిడ నా ఒక్కడి కోసమే వస్తున్నారనుకున్నాను. అక్కడున్న అందరూ అలాగే అనుకున్నారు.

పోయి రండి ఆంటీ. మీరు నమ్మిన ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండండి.