రాయల్టీకి భజన

ఎడారిలో మంచినీళ్లు, నోటి తీట ఉన్నవాడికి నిలకడైన ఉద్యోగం ఇచ్చే వేంకటేశ్వరుడికి ముందుగా శతకోటి నమస్కారాలు. ఆయన దయే లేకపోతే, ఇప్పుడు చెప్పబోయే ఘనకార్యం తర్వాత నేను దోహా నుంచి కాకినాడకు ఖాళీ సూట్‌కేసుతో దిగి ఉండేవాణ్ణి.

అది తొంభైల మధ్యకాలం. ఖతార్‌లో గ్యాస్ పనులు జోరందుకున్న రోజులు. చమురు కంపెనీలకు అభిప్రాయ సర్వేలు చేసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం ఖాయమైతేనే ఫ్యామిలీ వీసా. అది వస్తేనే మా ఆవిడ వసుంధర, నేనింకా ఫొటోలో తప్ప చూడని మా పాప వస్తారు. అంటే నా సంసారమంతా మా బాస్ నబీల్ గారి సంతకం మీద కూర్చుని ఉంది. ఆయన లెబనాన్ మనిషి.

ఒకరోజు పిలిచి చెప్పారు. "నేలలోంచి తీసే చమురులో, గ్యాస్‌లో దేశానికి ఇచ్చే వాటా ఉంది కదా, రాయల్టీ. అది ఎంతుంటే న్యాయమని ఆ రంగంలో పనిచేసేవాళ్లు అనుకుంటున్నారో కనుక్కో. అసలు రేటు నాకు తెలుసు. వాళ్ల మనసులో ఉన్న రేటు కావాలి. విడివిడిగా అడుగు. యల్లా, బయల్దేరు!"

ఆ "విడివిడిగా" అన్న మాట నా చెవి దాకా వచ్చి, చెప్పులు విప్పుకుంటూ గుమ్మం బయటే ఆగిపోయింది. ఎందుకంటే నా బుర్ర అప్పటికే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటకు వెళ్లిపోయింది. అక్కడ సుబ్బారావు గారి విల్లాలో ప్రతి శుక్రవారం మా సత్సంగం. ఆయన చమురు కంపెనీ ఇంజినీరు. వచ్చేవాళ్లందరూ ఆ రంగం వాళ్లే. భజన చెప్పేది నేను. దేవుడే అందర్నీ ఒక చాప మీద కూర్చోబెడితే ఇంటింటికీ తిరగడమెందుకు, మీరే చెప్పండి!

హారతి అయ్యాక, పులిహోర వడ్డించకముందే చీటీలు పంచాను. ఊరికే పంచితే నేను నేనెందుకవుతాను? ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"పూర్వం రాజు పంటలో ఎంత తీసుకునేవాడు? ఆరో వంతు! తేనెటీగ పువ్వును నలపకుండా తేనె తీసినట్టు తీసుకునేవాడు. మరి ఇప్పుడు రాయల్టీ ఎంతుండాలి?"

చేతిలో తాళాలున్నాయి. అలవాటు ఊరుకోదు. "ఆరో వంతా?" అని రాగం తీసి ఝల్లుమనిపించాను.

"ఆరో వంతా!" అంది సభ మొత్తం.

సుబ్బారావు గారైతే కళ్లు మూసుకుని ఇంకోసారి కూడా అన్నారు. చీటీల మీదా అందరూ అదే రాశారు.

మర్నాడు నబీల్ గారు వాటిని చూసి కళ్లజోడు తీశారు. "అందరిదీ ఒకటే మాటా?"

"ఏకాభిప్రాయం సార్!"

"మా ఇంట్లో ఉన్నది నేనూ మా ఆవిడా. రాత్రికి ఏం తినాలో ఇంతవరకూ ఏకాభిప్రాయం లేదు. నువ్వు వీళ్లను అడిగావా, వీళ్లకు నేర్పావా?"

"భజనలో... నేనేమంటే వాళ్లూ అదే అంటారు సార్."

"హబీబీ! వాళ్ల మనసు కొలవమంటే నీ గొంతు కొలుచుకొచ్చావు. వెళ్లి మళ్లీ అడుగు. లేకపోతే వీసా మాట మర్చిపో."

తాళాలు గదిలో పెట్టి, ఉపన్యాసం మింగేసి, ఒక్కొక్కరి తలుపూ తట్టాను. సుబ్బారావు గారు గొంతు తగ్గించారు. "ఆరో వంతు ఏ మూలకయ్యా? తీసిన గ్యాస్ మళ్లీ మొలవడానికి అదేమన్నా వరిచేనా? దేవుడి ఎదురుగా నీ మాట కాదనలేకపోయాను." ఇంకొకాయన అందులో సగం చాలన్నాడు. చివరికి జగిత్యాల మల్లేశం దొరికాడు. గ్యాస్ సైట్‌లో ఫిట్టర్.

"మల్లేశం, ఆరో వంతని ఎందుకన్నావు?"

"నువ్వే జెప్పినవ్ గదన్నా! నాకైతే మస్తు కోపమొచ్చింది. గీ ఎండల గంత డ్యూటీ జేస్తే, ఒక్క చాయ్ ఆరుగురం పంచుకోవాల్నా?"

"చాయ్ ఏమిటయ్యా?"

"రాయల్ టీ! మా క్యాంప్‌ల సులేమానీ చాయ్ ఉంది, మసాలా చాయ్ ఉంది. రాయల్ టీ ఇంక రాలే. కంపెనీ కొత్తగ ఇస్తుందేమో, దేవుని దయతోని ఆరో వంతన్న దొర్కుతది గదా అని నేను గూడ అన్న."

అదీ విన్నాక, ఇక సామాను సర్దుకోవడమే అనుకుంటూ నబీల్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బల్ల మీద తలపెట్టి నవ్వారు. "శుక్రవారం జవాబులూ, ఈ జవాబులూ పక్కపక్కన పెట్టి రాయి. అడిగే తీరును బట్టి జవాబు ఎలా మారుతుందో చమురు కంపెనీల వాళ్లూ తెలుసుకుంటారు." నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టి, ఆఫీసు కుర్రాణ్ణి కేకేశారు. "ఇతనికో రాయల్ టీ. పూర్తి కప్పు!"

వసుంధర వచ్చిన మొదటి శుక్రవారం పులిహోర ఆవిడే చేసింది. నేను తాళాలతోనే, "ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

"సరిపోయిందా!" అంది సభ. నా ఒళ్లోని పాప మాత్రం ఒక మెతుకు నాకి గుక్కపట్టి ఏడ్చింది. ఆ సభలో సొంత అభిప్రాయం దానిదొక్కదానిదే.

అప్పుడే హారతి పళ్లెం సాక్షిగా ఒట్టేశాను. చేతిలో తాళాలుండగా ఇక ఏ ప్రాణినీ అభిప్రాయం అడగను. ఈ ఒట్టు నిలబెట్టమని మీరూ నాతోపాటు స్వామిని వేడుకోండి. కాకపోతే దయచేసి నేనన్నట్టే అనకండి. ఎవరి మాటల్లో వాళ్లు వేడుకోండి.