పట్టుకున్న చెయ్యి

వీధి వీధంతా ఆయన్ని హెలికాప్టర్ బాబాయి అంటారు. అలాగని హెలికాప్టర్ నడిపాడనుకునేరు! యుద్ధం జరిగినన్నాళ్ళూ వాటి కింద దూరి, ఒళ్ళంతా గ్రీజు పూసుకుని బాగుచేసిన మెకానిక్కు. ఇప్పటికీ గుమ్మం దాటేటప్పుడు తల వంచుతాడు. నెత్తి మీద రెక్క తిరుగుతోందన్న అలవాటు, ఏం చేస్తాం!

వాళ్ళ దళంలో ఒక కట్టుబాటు ఉండేది. బాగుచేసిన హెలికాప్టర్ మొదటిసారి పైకి లేచేటప్పుడు, బోల్టు బిగించినవాడు కూడా అందులో కూర్చోవాలి. అంతకంటే గట్టి హామీ ఏముంటుంది? ఓసారి కాలికి తూటా తగిలిన కుర్ర సిపాయి, అప్పటిదాకా ఆ ఇంజిను విప్పి పరిచి ఉండటం చూసి, "చచ్చినా ఎక్కను" అని మొండికేశాడు. "నేనూ వస్తున్నాగా, పద" అని బాబాయి పక్కన కూర్చున్నాడు. కింద కాల్పులు, లోపల చెవులు చిల్లులు పడే మోత. దిగేదాకా ఆ కుర్రాడు తన చెయ్యి వదల్లేదని బాబాయి అందరికీ చెబుతాడు. ఆయన భార్య పిన్నికైతే ఆ కథ కంఠతా వచ్చు.

పిన్నికి ఈమధ్య మోకాళ్ళు పట్టేశాయి. ఇల్లేమో రెండో అంతస్తు. వానాకాలమంతా కిందికి దిగనేలేదు. కబుర్లంటే ప్రాణం పెట్టే మనిషి అలా కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తుంటే బాబాయి చూస్తూ ఊరుకోలేకపోయాడు. మెట్ల పక్క గోడకి పట్టాలు బిగించి, మోటారుతో నడిచే కుర్చీ తయారుచేశాడు.

"నేనెక్కను బాబూ," అంది పిన్ని. "మొన్న మిక్సీ బాగుచేస్తానని దాని మూత గోడకేసి ఎగరగొట్టారు."

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? చేసింది మీరేగా!"

బాబాయి తనే కూర్చుని, కిర్రుమంటూ కిందికెళ్ళి పైకొచ్చాడు. పిన్ని పెదవి విరిచింది. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి సగం దారిలో ఉండగా పిన్ని పైనున్న మీట నొక్కి ఆపేసింది.

"కాసేపు అక్కడే ఉండండి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది," అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో భయం సగం పోయింది.

చివరికి కూర్చుంది. కుర్చీలో ఒకరికే చోటు కాబట్టి బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే ఒక్కో మెట్టూ దిగాడు. మోటారు చప్పుడు మారినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడ్డాడు. కుర్చీ మాత్రం కిందికొచ్చి మెత్తగా ఆగింది. ఎదురు కొట్లో బట్టలు కుట్టే ఆవిడ చూసి, "పిన్నీ!" అని కేకేసింది.

"హమ్మయ్య! దిగిపోయాం. ఇంక చెయ్యి వదులు," అన్నాడు బాబాయి.

"నేనెప్పుడో వదిలేశాను. పట్టుకుంది మీరే."

బాబాయి చూసుకున్నాడు. నిజమే.

"ఏమండీ, ఆ రోజు హెలికాప్టర్లో కూడా ఇంతేనా?"

ఆయన మొహం ఎర్రబడింది. ఆ వెంటనే నవ్వాగలేదు. "వీధిలో ఎవరికీ చెప్పకే," అని బతిమాలాడు.

అప్పటికే పిన్ని గోడ పట్టుకుని, ఎదురు కొట్టు వైపు నడుస్తోంది.