కింది వరసకు పెట్టిన బెల్లం

పన్నెండేళ్లుగా ఒక బెల్లం ముక్కను మోస్తున్నాను. గోరంత ముక్క. మీకు నవ్వొస్తుందేమో. దాని కింద ఒక పిల్ల పేరు నలిగిపోయింది. అది తెలిసిన దగ్గర్నుంచి ఎప్పుడు మోకాళ్లూనినా నా ప్రార్థన అక్కడికే వచ్చి ఆగిపోయేది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. మా అమ్మే ఇంట్లో బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది. ఆ నాలుగు అక్షరాలు వచ్చినందుకే, దేవునికి స్తోత్రం, పాల్మాకుల దగ్గర మేడం ప్రయోగశాలలో పని దొరికింది. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో కనిపెట్టే శాస్త్రం ఆమెది. గుంటూరు వైపు మనిషి. పెద్ద ఉద్యోగం వదులుకుని వచ్చి, ఒక పాత షెడ్డు కిరాయికి తీసుకుని, అడవి చెట్టు బెరడు నుంచి షుగరుకు మందు తీయాలని పట్టు పట్టింది. ఎలుకల గది నాకు అప్పగించింది. మేత, నీళ్లు, పంజరాలు కడగడం. విమానాశ్రయం దగ్గరే కాబట్టి, విమానం తల మీదుగా దిగినప్పుడల్లా తెల్ల ఎలుకలన్నీ ఒక మూలకు చేరి వణికేవి. చప్పుడు పోయేదాకా పంజరం మీద చెయ్యి పెట్టి నిలబడేదాన్ని. ఆ పనిని ప్రేమించాను. అదే నా తప్పుకు మొదలేమో.

పై వరస ఎలుకలకు ఉత్త నీళ్లు, కింది వరసకు మందు. శనివారం పొద్దున తోక చివర నుంచి రక్తం చుక్క తీసి షుగరు చూసేవారు. అందుకోసం శుక్రవారం సాయంత్రమే మేత డబ్బాలు తీసేయాలి. రాత్రంతా వాటికి నీళ్లే.

శుక్రవారం నాకూ ఉపవాసమే. మధ్యాహ్నం మా చర్చిలో ఉపవాస ప్రార్థన ముగిశాక పుట్నాలు, బెల్లం పంచుతారు. నా వంతులో సగం కొంగున కట్టుకుని వచ్చేదాన్ని. శనివారం అందరికంటే ముందు తలుపు తీసేది నేనే. తీయగానే ముక్కులన్నీ కమ్మీల్లోంచి బయటికి వచ్చేవి. ఆకలి నాకు తెలుసు. కానీ నేను ఇష్టపడి ఉపవాసం ఉంటాను, ఎవరి కోసమో తెలిసి ఉంటాను. వాటిని ఎవరడిగారు? మందు తాగి తాగి కింది వరసవి మరీ నీరసంగా కనిపించేవి. ఒక్కోదానికి రెండు పుట్నాలు, గోరంత బెల్లం పెట్టాను. ప్రార్థన చేసిన బెల్లం, మేలే చేస్తుంది అనుకున్నాను. పై వరసకు మిగల్లేదు. అలా మూడు శనివారాలు.

మూడో శనివారం మేడం షుగరు లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది. మందు తూచి తాగించే పని స్వరూపది. మహేశ్వరం పిల్ల, పరిశోధన విద్యార్థిని, ఇంట్లో చదువుకున్న మొదటి ఆడపిల్ల.

“స్వరూపా, మందు తాగిన వరసలోనే షుగర్ ఎక్కువుంది. తూకం సరిగ్గా వేస్తున్నావా?”

“వేస్తున్న మేడం. రెండుసార్లు జూస్తున్న.” కళ్లల్లో నీళ్లు, అయినా నా వైపు తిరిగి నవ్వింది. “అక్కా, నీ ప్రార్థనల గీ ఎలుకల పేర్లు గూడ జెప్పరాదే, జర నా మాట వింటయి.”

మేడం నవ్వలేదు. “అమ్మా, మేత డబ్బాలు లోపల ఉండిపోలేదు కదా?”

“లేదు మేడం. నిన్న సాయంత్రమే తీసిన. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టలే.”

“ఇంకేమీ పెట్టలేదుగా?”

“ఏం బెట్టలే మేడం.”

మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. అది నోట్లోంచి వచ్చాకే అర్థమైంది, బెల్లం ఏం చేసిందో. అప్పుడైనా చెప్పవచ్చు కదా? పని పోతుందని భయమా? అది కొంత. అంతకంటే, నేను మంచిదాన్నని అక్కడ అందరూ అనుకునేవారు. ఆ పేరును స్వరూప పేరు కంటే ఎక్కువ ప్రేమించాను. ఇది రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

మందు తూచే పని ఇంకొకరికి ఇచ్చారు. నేను బెల్లం మానేశాను. తరవాతి శనివారం కింది వరసలో షుగరు దిగింది. ఇంకేం కావాలి? అందరికీ దోషి దొరికింది. మేడం ఆ మూడు వారాల లెక్కను ఎర్ర గీతతో కొట్టేసి, పక్కన స్వరూప పేరు రాసింది. ఆ పిల్ల టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ, “పోతున్న అక్కా, నా చేతులల్లనే ఏదో తేడా ఉన్నట్టుంది” అంది. ఆ చేతులు పట్టుకుని నిజం చెప్పలేకపోయాను. చదువు సగంలో ఆపి షాద్‌నగర్‌లో ఒక బళ్లో టీచరుగా చేరిందని తరవాత విన్నాను.

ఆ మందుకే మేడంకు పెద్ద అవార్డు వచ్చింది. సన్మాన సభలో ఆమె నన్ను లేపి నిలబెట్టి, “మా ఎలుకల గదిలో మేత విషయంలో ఒక్క పొరపాటు జరగలేదు, కారణం ఈవిడ” అంది. చప్పట్లు. నేను చేతులు జోడించాను. అందరూ అది వినయం అనుకున్నారు.

పోయిన నెల మేడం షెడ్డు ఖాళీ చేస్తూ పాత పుస్తకాలు సర్దమంది. ఆ పుస్తకం నా చేతికే వచ్చింది. ఎర్ర గీత మాసిపోలేదు. ఇది నేను వెతికింది కాదు. దేవుడే చేతిలో పెట్టాడు. మేడం దగ్గరికి తీసుకెళ్లి, నిలబడ్డచోటే మొత్తం చెప్పేశాను.

మేడం కళ్లద్దాలు తీసింది. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. కలం మూత తీసి అడిగింది.

“ఎంత బెల్లం?”

“గోరంత మేడం. రెండు పుట్నాలు.”

“ఏ వరస? రక్తం తీయడానికి ఎంత ముందు?”

“కింది వరస. రెండు గంటల ముందు.”

ఒక్కొక్కటీ అడిగింది, ఒక్కొక్కటీ చెప్పాను. ఏదీ మరిచిపోలేదు. ఇన్నేళ్లూ దేవుని ముందు ‘పాపిని’ అని పెద్ద మాట ఒకటి అని లేచిపోయేదాన్ని. ఇంత వివరంగా నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఇంత వివరంగా ఒప్పుకోలేదు. చెబుతుంటే గుండె తేలికైంది. మేడం స్వరూప పేరు కొట్టేసి పుస్తకం నా వైపు తిప్పింది. అమ్మ దిద్దించిన అక్షరాలతో అక్కడ నా పేరు రాశాను.

ఆ మధ్యాహ్నమే స్వరూపకు ఫోన్ చేశాను. అంతా విన్నది. అటునుంచి ఇంటర్వెల్ పిల్లల గోల వినిపించింది. చివరికి, “గప్పుడే జెప్తే ఏం బోయేది అక్కా” అంది. గంట మోగింది. క్లాసుందని పెట్టేసింది.

ఆమె మళ్లీ ఫోన్ చేయకపోవచ్చు. కానీ తేడా తన చేతుల్లో లేదని ఇప్పుడు ఆమెకు తెలుసు. అది చెప్పే నోరు ఈ వయసులోనైనా ఇచ్చినందుకు స్తోత్రం.