ఒక్కసారి నొక్కితే రెండు తూటాలు

హరిప్రియ విండ్సర్ శివార్లలోని తుపాకుల రిపేరు షాపులో పనిచేస్తుంది. ఒంగోలు నుంచి ఇక్కడి యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదవడానికి వచ్చి, చివరికి ఈ బల్ల ముందు స్థిరపడింది. వాళ్లుండే క్వేకర్స్ హిల్‌లో ఎవరైనా అడిగితే ఆమె భర్త వివేక్ "వర్క్‌షాప్‌లో జాబ్" అని మాట దాటేస్తాడు. ఆమెకు ఆ పని అంటే సిగ్గూ లేదు, మోజూ లేదు. భయం మాత్రం ఉంది, అదే ఆమెను జాగ్రత్తగా ఉంచుతుంది.

ఆ శనివారం మధ్యాహ్నం కేశవరావు, కాత్యాయని దంపతులు వచ్చారు. నది పక్కన వాళ్లకు కూరగాయల తోట ఉంది. కుందేళ్ల బెడదకు లైసెన్సు తీసుకుని చిన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉంచుకున్నారు. కేశవరావు దాన్ని బల్ల మీద పెట్టగానే హరిప్రియ అలవాటుగా బోల్ట్ వెనక్కి లాగింది. లోపలి నుంచి తూటా ఒకటి ఎగిరి నేల మీద దొర్లింది.

"అంకుల్! లోడెడ్‌గానే తెచ్చారా?"

"ఖాళీ చేశాననుకున్నానమ్మా." ఆయన నవ్వబోయి మానేశాడు. "కొత్త ట్రిగ్గర్ నేనే ఫిట్ చేశా. మహా స్మూత్‌గా ఉంది. కాకపోతే ఒకసారి నొక్కితే అప్పుడప్పుడు రెండు పేలుతున్నాయి. కాస్త అడ్జస్ట్ చేసి ఇచ్చెయ్, ఈ ఆర్వోనే, సాయంత్రంలోగా తీసుకెళ్తా."

కాత్యాయని ఆ తూటా వైపు చూస్తూ నిలబడిపోయింది. దారి పొడవునా కారు వెనక సీట్లోంచి ఆ గొట్టం, ముందు కూర్చున్న తన వీపు వైపే ఉంది.

హరిప్రియ మందు లేని ఉత్త తూటాలు పెట్టి పరీక్షించింది. అంతా సవ్యంగానే ఉంది. మళ్లీ చూసింది, మళ్లీ అంతే. కేశవరావు ముఖం వెలిగింది. ఆమె మనసు మాత్రం ఒప్పుకోలేదు. ఈసారి ట్రిగ్గర్ మీద వేలు బిగించే ఉంచి బోల్ట్‌ను లాగి వదిలింది. తూటాను పేల్చే హ్యామర్ ఆగాల్సిన చోట ఆగకుండా టక్కున జారింది. విప్పి చూస్తే, దాన్ని పట్టి ఉంచాల్సిన చిన్న కొక్కెం అంచు అరిగిపోయి ఉంది.

"దీన్ని మీరు ఆకురాయితో రాశారా అంకుల్?"

"ఇంకొంచెం లైట్‌గా ఉంటుందని..."

"ఇది మీకు తిరిగివ్వను. సేఫ్‌లో పెడుతున్నా."

ఆయన గొంతు పెంచాడు. అప్పుడు కాత్యాయని మెల్లగా అంది: "ఏమండీ, యోగానంద్ గారి రైఫిల్ ట్రిగ్గర్ కూడా మీరేగా మార్చారు?"

యోగానంద్‌ది పక్క తోట. కేశవరావు వెంటనే ఫోన్ కలిపాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"ఏం కేశవరావ్! ఫెన్స్ దగ్గరున్నా. ఇక్కడో నక్క..."

"అంకుల్, వేలు తీసెయ్యండి! నేల వైపు దించండి!" హరిప్రియ అరిచింది.

ఒక పేలుడు. దాని వెంటే ఇంకొకటి. తర్వాత గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. కేశవరావు ఫోన్ మీదికి వంగి ఆయన్ని పేరు పెట్టి పిలిచాడు.

"నేను... ఒక్కసారే నొక్కాను," అంది ఫోన్‌లోంచి యోగానంద్ గొంతు, ఎవరిదో అన్నట్టుగా.

మొదటి తూటా నేలలోకి పోయింది. రెండోది, అదురుకు గొట్టం పైకి లేవడంతో, ఫెన్స్ పక్కన నిలిపిన ఆయన ట్రక్కు అద్దం పగలగొట్టుకుని వెళ్లింది. అప్పటిదాకా ఆ అద్దం వెనక సీట్లో కూర్చున్న ఆయన భార్య, ఎండ ఎక్కువగా ఉందని కాస్త ముందే ఇంట్లోకి వెళ్లింది.

ఆ సాయంత్రమే రెండో రైఫిల్ కూడా షాపు సేఫ్‌లోకి చేరింది. కేశవరావు లైసెన్సు వదులుకున్నాడు. కాత్యాయని మాత్రం చాలాకాలం ఆ కారు ముందు సీట్లో కూర్చోలేదు.