నీళ్లు వచ్చే వేళ

పరాయి వంటింట్లోకి తొంగిచూసే గుణం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినా వ్యాపారం నాకు అబ్బలేదు, ఆరాలు తీయడం మాత్రం బాగా అబ్బింది. ఎమ్మిగనూరు అంచునున్న ఒక చేనేత కాలనీని పంచాయతీ నీళ్ల నుంచి పట్టణం నీళ్ల హద్దులోకి కలిపితే ఏం మారుతుందో ఇల్లిల్లూ తిరిగి రాసుకురమ్మని పట్టణం నీళ్లు చూసే ఇంజనీరు గారు అన్నప్పుడు ఎగిరి గంతేశాను.

ముందుగా కొన్నాళ్లు పట్టణం నీళ్లే వదిలి చూస్తున్నారు. ఎన్ని బిందెలు నిండుతున్నాయి, రుచి ఎలా ఉంది, ఇవే నా కాగితంలోని ప్రశ్నలు. చివరింట్లో ఒంటరిగా మగ్గం నేసుకునే పెద్దావిడ, "నీళ్లు తియ్యగుండాయమ్మా, శానా వస్తాండాయి" అంది. "సంతృప్తి" అని రాసేసి, ఆమె వంటింట్లో ఏముందో కూడా చూసి వచ్చాను.

వారం తర్వాత సంతకం మరిచిపోయానని మళ్లీ వెళ్తే, ఆమె గడపలో కూర్చుని, మగ్గానికి ఎక్కించే పడుగు దారాలను ఒక్కొక్కటే విడదీస్తోంది. ఏమైందని అడిగాను. పడుగును వీధి పొడవునా సాగదీసి, ఎండ రాకముందే గంజి పట్టించాలట. ఆ రోజు ఇంట్లో పట్టుకున్న నీళ్లు అయిపోయాయి. కుళాయి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండలో గంజి పెడితే దారాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"మరి ఇంతకుముందో?"

"నీళ్లు వదిలే పంచాయతీ అన్న మా నేతోడే. రేపు నాకు పడుగుండాదన్నా అని సెప్తే, తెల్లారకముందే ఈ వీధికి వదుల్తాండె. ఇప్పుడు ఆ నీళ్లు వదిలే తాళం పట్టణపోళ్ల చేతిలో ఉండాది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదమ్మా."

నా మీద నాకే ఒళ్లు మండింది. సాయం చేద్దామని దారాలు పట్టుకుంటే మూడు తెగాయి. "నువ్వు కాయితమే పట్టుకో తల్లీ" అని లాగేసుకుంది. నూలిచ్చే షావుకారు ఇంకొక్క పడుగు ఇస్తానన్నాడట. అదీ పాడైతే ఇక తన గడప తొక్కొద్దన్నాడట. అది చెప్పేటప్పుడు ఆమె చేతులు ఆగిపోయాయి. నాకు భయమేసింది.

మళ్లీ దారం అందుకుంటూ ఆమే అడిగింది. "మీ ఇంట్లో ఎన్ని గంటలకొస్తాయి నీళ్లు?"

ఊరందరి నీళ్లనూ ఆరా తీస్తున్నదాన్ని, మా ఇంటి కుళాయి ఎప్పుడొస్తుందో నాకు తెలియదు.

మర్నాడు ప్రతి గడపకూ తిరిగి ఒకే ప్రశ్న అడిగాను: ఏ వేళకు కావాలి? ఇరవై ఏడు ఇళ్లవాళ్లూ ఒకే మాట చెప్పారు: తెల్లారకముందే. కాలనీని పట్టణంలో కలపండి, తాళం మాత్రం పాత పంచాయతీ ఆయన చేతికే ఇవ్వండి అని నివేదికలో రాశాను. ఇలాంటివి కాగితంలో ఎక్కడ ఇరికిస్తామని ఇంజనీరు గారు విసుక్కున్నారు. వెనకవైపు ఖాళీగా ఉంది సార్ అన్నాను. చివరికి ఒక నెల చూద్దామని ఒప్పుకున్నారు.

ఆమె కొత్త పడుగు సాగదీసే రోజు చూడకుండా ఉండలేకపోయాను. ఆదోనిలో తొలి బస్సు కోసం లేస్తే, మా వంటింటి వెనక అమ్మ కుళాయి కింద బిందె పెట్టి కూర్చుని ఉంది. ఇంత పొద్దున్నే ఏంటమ్మా అన్నాను. "నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే వేళ" అంది, తల తిప్పకుండానే.

నేను కాలనీ చేరేసరికి తెల్లవారుతోంది. చివరింటి ముందు కుళాయి ధారగా పారుతోంది. పడుగు వీధి పొడవునా బిగిసి ఉంది. ఆమె గంజి కుంచెతో నడుస్తూ నన్ను చూసి నవ్వింది.

"ఇప్పుడు సెప్పు, మీ ఇంట్లో ఎప్పుడొస్తాయి?"

"నాలుగింటికి" అన్నాను. "లేచి పట్టేది మా అమ్మ."